దగ్గితేనే వడ్డన

గుంటూరులో ఏది ఎక్కడ తినాలో చెప్పడానికి నాకంటే అర్హుడు లేడని నా అభిప్రాయం. ఊరి అభిప్రాయం కూడా అదే. ముప్పయ్యేళ్ళు మిర్చి యార్డులో కాయ నాణ్యం చూసే పని చేశాను. ఎండుమిరపకాయ విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే అది నల్లరేగడిలో కాసిందో ఎర్రనేలలో కాసిందో, కల్లంలో ఉండగా వాన చుక్క పడిందో లేదో చెప్పేవాణ్ణి. ఆ పని మానేశాక అదే ముక్కును వీధుల మీదికి తిప్పాను. ప్రతి ఆదివారం పొద్దున్నే హైదరాబాదు నుంచీ బెజవాడ నుంచీ వచ్చిన పదిమందిని వెంటేసుకుని పట్నంబజారు, లాలాపేట సందుల్లో తిప్పుతాను. జాన్ బాషా బండి దగ్గర ఇడ్లీ ఏడున్నరలోపే తినాలి, ఆ తర్వాత తింటే ఇంట్లో తిన్నట్టే. ఎలీసమ్మ పూటకూళ్ళ ఇంట్లో చేపల పులుసు మంగళవారం తినాలి, ఎందుకంటే వాడరేవు నుంచి ఆవిడకి చేప వచ్చేది సోమవారం, పులుసు ఒక రాత్రి ఊరాలి. బోర్డు మీద 'అసలైన' అని రాసుకున్న చోట కాలు పెట్టకూడదు. ఇలాంటివి ఫోన్లో రాస్తే ఇరవై వేలమంది చదువుతారు. అయూబ్ గారు బాగుందంటే బాగున్నట్టే అంటారు.

ఇదంతా నాలుగేళ్ళుగా శుద్ధ మోసం. నాకు వాసన తెలియదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు, మే నెలలో, నాకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. మామూలుగా వాసన పోయినా ఘాటు తెలుస్తుందట, నాకు అదీ పోయిందని డాక్టరు ఆశ్చర్యపడ్డాడు. అతనికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ముక్కు లేని అయూబ్‌ను ఈ ఊళ్ళో ఎవరు లెక్కచేస్తారు? ఎదుటివాళ్ళ మొహాలు చూసి రాయడం నేర్చుకున్నాను. గోంగూరలో కారం సరిగ్గా పడితే తినేవాడి చెవి తమ్మెలు ఎర్రబడతాయి. పప్పు కుదిరితే మాటలు ఆగిపోతాయి. నెయ్యి మంచిది కాకపోతే రెండో ముద్దకి వేళ్ళ వంక ఒకసారి చూసుకుంటారు. వాళ్ళ చెవులూ వేళ్ళూ చూసి నేను 'అద్భుతం' అని రాసేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పు పోలేదు, అది నా గొప్ప.

అదే మే నెలలో మా ఆవిడ సఫూరా పోయింది. ఆ సంగతి చెప్పాలంటే నాకు కాస్త వ్యవధి కావాలి. ముందు ఒక మెస్సు గురించి చెబుతాను.

యార్డులో నాకు పాత స్నేహితుడు ఆదాం అనే హమాలీ ఉన్నాడు. కిందటి అక్టోబరులో టీ తాగుతూ అతనే ఆ మాట ఎత్తాడు.

"మూసేసిన జిన్నింగు మిల్లు ఎనకమాల ముసలమ్మ ఒకావిడ మద్దేనం అన్నం పెట్టిద్దంట సార్. దగ్గితేనే వడ్డిచ్చిద్దంట. మనోళ్ళెవరూ ఎళ్ళరు."

"రుచి లేదా?"

"రుచి సంగతి ఎవడికి తెలుసు సార్. ఒకసారెళ్ళినోడు రెండోసారి ఎళ్ళడు, అంతే."

నాకు తెలియకుండా గుంటూరులో ఒక పొయ్యి వెలుగుతోందంటే నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు పన్నెండింటికల్లా స్కూటరు మిల్లు వెనక ఆపాను. మిల్లు మూతపడి చాలా ఏళ్ళయినా గోడ పగుళ్ళలో పాత దూది పోగులు ఇంకా ఇరుక్కుని ఉన్నాయి. ఆ గోడకి ఆనించి పెంకుల వసారా, అందులో రెండు వరసల చాపలు, ఏడు విస్తళ్ళు. ఆరింటి ముందు మనుషులు కూర్చుని ఉన్నారు. ఏడోది ఖాళీ. నేను వస్తానని తెలిసి వేసినట్టుంది. కూర్చున్నాను.

లోపల్నుంచి ఆ పెద్దావిడ, కోటేశ్వరమ్మ గారు, వచ్చారు. డెబ్బై అయిదు దాటి ఉంటాయి, ఒక కంట్లో శుక్లం. గుప్పెడు ఎండుమిరపకాయలు తీసుకుని, దిష్టి తీసినట్టు మా వరసల చుట్టూ మూడుసార్లు తిరిగి, మూలనున్న కుంపట్లో వేశారు. ఇది తెలియని ఇల్లు మా వైపు ఉండదు. కాయలు మాడి ఘాటు వచ్చి అందరూ దగ్గారా, దిష్టి లేనట్టు. ఘాటు రాలేదా, గట్టి దిష్టే తగిలినట్టు. కాయలు చిటపటమన్నాయి, నల్లబడ్డాయి, పొగ వసారా అంతా కమ్ముకుంది. ఆవిడ గరిటె పట్టుకుని తల కాస్త పక్కకి వాల్చి వింటూ నిలబడ్డారు.

ఎవరూ దగ్గలేదు. వీళ్ళంతా యార్డు మనుషులై ఉంటారు, చిన్నప్పటి నుంచీ మిరప దుమ్ములో పెరిగిన గొంతులు అనుకున్నాను. నాకూ ఏమీ అనిపించలేదు, నా కారణం వేరు. ఆవిడ ఇంకా వింటూనే ఉన్నారు. అన్నం గిన్నె మీద మూత కదల్లేదు. ఇంత పొగలో నేను దగ్గకపోతే నా గుట్టు రట్టవుతుందని భయం వేసింది. నాలుగేళ్ళ అలవాటు, నటించడం నాకొక లెక్కా? రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని గట్టిగా రెండుసార్లు దగ్గాను.

ఆవిడ నా వంక ఒక్కక్షణం చూశారు. తర్వాత వరసగా అందరికీ వడ్డించారు.

ఏం తిన్నానో నాకు తెలియదు, వేడిగా ఉందని మాత్రం తెలుసు. ఎప్పటిలాగే చుట్టూ మొహాలు చూశాను. ఒక్కరి చెవులూ ఎర్రబడలేదు. ఒక్కరూ మంచినీళ్ళు ముట్టలేదు. నమలడం ఒక పనిలాగా నములుతున్నారు. ఎదుటి వరసలో స్తంభం పక్కన నాకు వీపు పెట్టి ఒక ఆడమనిషి కూర్చుంది, చిలకాకుపచ్చ చీర, తల మీద కొంగు. ఆమె ప్రతి ముద్దనూ ముక్కు దగ్గరికి తీసుకెళ్ళి, వాసన చూసి, ఆ తర్వాత నోట్లో పెట్టుకుంటోంది. నాకు ఒళ్ళు మండింది. పెద్దావిడ అంత కష్టపడి వండి పెడితే ముద్ద ముద్దకీ అనుమానమా? మా సఫూరా అయితే చచ్చినా ఇలా చెయ్యదు అనుకున్నాను. అచ్చంగా ఆ మాటే అనుకున్నాను.

ఆ రాత్రి ఫోన్ ముందు కూర్చుంటే ఒక్క వాక్యం కూడా రాలేదు. మొహాలు ఏమీ చెప్పకపోతే నేనేం రాయను? కాబట్టి మర్నాడు మళ్ళీ వెళ్ళాను. అదే ఆరుగురు, అవే చోట్లు, అవే బట్టలు. పొగ లేచింది. ఎవరూ దగ్గలేదు. నేను దగ్గాను. వడ్డన మొదలైంది. ఈసారి మంచినీళ్ళ వంకతో లేచి స్తంభం అవతలికి నడిచాను. ఆమె కుడి మణికట్టు మీద పెనం కాలిన మచ్చ ఉంది, చింతగింజంత. ఆ మచ్చకి వెన్న రాసింది నేనే. పైకి చూశాను. సఫూరా.

"సఫ్ఫూ" అన్నాను. ఆమె తలెత్తలేదు. ముద్ద వాసన చూసింది, నోట్లో పెట్టుకుంది.

భయపడ్డానని రాస్తే అబద్ధం. భయం తర్వాత వచ్చింది, బయట స్కూటరు తాళం ఎంతకీ రంధ్రంలో దూరనప్పుడు.

ఇప్పుడు ఆ మే నెల సంగతి చెప్పక తప్పదు. ముప్పై మూడేళ్ళ కాపురంలో నేను సఫూరా వంటను ఒక్కసారీ బాగుందనలేదు. ఆమె గరిటె చేత్తో పట్టుకుని నా మొహం వంక చూస్తూ నిలబడేది. నేను 'పర్లేదు' అనేవాణ్ణి, లేదంటే 'ఉప్పు అర చిటికె తగ్గింది' అనేవాణ్ణి. అది నా ముక్కు పొగరు. ఆ మేలో ఇద్దరికీ జ్వరం తగులుకుంది, ఆమెకి ఎక్కువ. మొదటిసారి నేనే పొయ్యి ముట్టించి దోసకాయ పప్పు చేశాను. ఆమె పొద్దంతా మగతలో ఉంది. సాయంత్రం లేచింది. పొద్దుటి పప్పు గుంటూరు ఎండలో పొయ్యి గట్టు మీదే ఉంది, అదే అన్నంలో కలిపి పెట్టాను. గుమ్మంలో నిలబడి ఆమె మొహం వంక చూశాను. నాలుగు ముద్దలు తింది. "బాగుందండీ" అంది. నాకు ఎంత గర్వం వచ్చిందంటే, మందులిచ్చి వెళ్ళడానికి గేటు దాకా వచ్చిన మరదలు నజ్మీన్ చేతిలో కూడా ఒక గిన్నెడు పెట్టాను.

అరగంటకి నజ్మీన్ ఫోన్ చేసింది. "బావగారూ, పప్పు పాచిపోయింది. మూత తీస్తే ఇల్లంతా వాసన. అక్కకి పెట్టలేదు కదా?"

"లేదు" అన్నాను.

తెల్లారేసరికి సఫూరాకి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో మాస్కు పెట్టారు, మూడో రోజు పోయింది. మధ్యలో నోట్లోకి మెతుకు వెళ్ళలేదు. ఆమె పోయింది ఆ పప్పు వల్ల కాదని ఎవరైనా చెబుతారు, నాకూ తెలుసు. నా బాధ అది కాదు. ఆమెకి వాసన తెలిసిందా లేదా అన్నది నా బాధ. నాకు పోయినట్టే ఆమెకీ పోయి ఉంటుంది, తెలియక తిని ఉంటుంది. ఆ ఒక్క ఆశ మీద నాలుగేళ్ళు బతికాను.

మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ వెళ్ళాను. ఆదివారం నడకలు మానేశాను, ఒంట్లో బాగాలేదని రాస్తే ఇరవై వేలమందీ జాగ్రత్తలు చెప్పారు. నజ్మీన్‌కి చెప్పలేదు. చెబితే దర్గాకో పిచ్చాసుపత్రికో, ఏది దగ్గరైతే దానికి తీసుకెళ్ళేది. రోజూ పన్నెండింటికి కూర్చుంటాను, పొగ లేస్తుంది, నేను దగ్గుతాను, మా ఆవిడ అన్నం తింటుంది. నేను దగ్గకపోతే ఆమెకి తిండి లేదు. ఒకరోజు పరీక్షగా ఊరుకున్నాను కూడా. కోటేశ్వరమ్మ గారు రెండో గుప్పెడు వేశారు, విన్నారు, గిన్నె లోపలికి తీసుకెళ్ళిపోయారు. ఆరుగురూ ఖాళీ విస్తళ్ళ ముందు అలాగే కూర్చున్నారు. మళ్ళీ ఆ పాపం చెయ్యలేదు. నాలుగు నెలలపాటు నా దొంగ దగ్గుతో నా భార్యకి అన్నం పెడుతున్నానని మురిసిపోయాను. పలకకపోతేనేం, తింటోంది కదా అనుకున్నాను.

ఫిబ్రవరిలో కొత్త కాయ యార్డుకి వచ్చింది. ఒక పొద్దున ఏటుకూరు రోడ్డు మీద మిరప టిక్కీల లారీ, అంటే కాయ నింపిన గోతాల బస్తాల లారీ, నన్ను దాటుకుని వెళ్ళింది, నాకు తుమ్ము వచ్చింది. స్కూటరు పక్కకి ఆపాను. ఇంకో తుమ్ము. దాని వెనకే సన్నగా, ఎక్కడో దూరం నుంచి, ఎండుమిరపకాయ వాసన. రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. ముక్కు తిరిగొచ్చిందని ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం వసారాలో కూర్చుంటే ఆరుగురూ పలచబడి కనిపించారు. సఫూరా చీర లోంచి వెనకనున్న స్తంభం గీతలు తెలుస్తున్నాయి. నా ఆనందం చల్లబడిపోయింది. భోజనాలయ్యాక వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. కోటేశ్వరమ్మ గారు గిన్నెలు బోర్లిస్తున్నారు.

"అమ్మా, నాకు వాసన తెలుస్తోంది" అన్నాను.

"మీది దొంగ దగ్గని మొదటి రోజే తెలుసు నాయనా" అన్నారావిడ, వెనక్కి తిరక్కుండానే. "యాభై ఏళ్ళుగా వింటున్నాను, ఆ మాత్రం తెలియదా. బతికున్న మనిషి గొంతని వడ్డించాను."

"రేపటికి ఘాటు కూడా తెలుస్తుందేమో."

"తెలిస్తే మంచిదేగా. నిజంగా దగ్గినవాళ్ళకి వీళ్ళు కనపడరు. కంట్లో నీళ్ళు వస్తాయి చూడండి, అవి ఆరేదాకా కనపడతారు. ఆ తర్వాత ఉత్త విస్తళ్ళే."

నేను గోడకి ఆనుకున్నాను. అడగాలనుకున్నది ఒకటి ఉంది. నాలుగు నెలలుగా నా నోటి చివరే ఉంది.

"మా ఆవిడ ముద్ద ముద్దకీ వాసన చూస్తుంది. బతికుండగా అలాంటి అలవాటు లేదు. మీ వంట అంత బాగాలేదా ఏంటి?" నవ్వుదామని చూశాను.

ఆవిడ చేతిలో గిన్నె ఆగింది. "నా వంట వాళ్ళకి అందదండీ. నేనేం వండినా, చివరిసారి ఏం తిన్నారో అదే వాళ్ళ నోటికొస్తుంది. స్తంభానికి ఇవతల మూడో చోటు మా ఆయనది. ఒకరోజు ఆయన విస్తట్లో చెయ్యి పెట్టి వాసన చూశాను. నేను పెట్టింది వంకాయ కూర. వచ్చింది ఆస్పత్రి బ్రెడ్డు వాసన. అది నోట్లో పెట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు."

"మరెందుకు వడ్డిస్తున్నారు?"

"వచ్చి కూర్చుంటే లెమ్మంటామా" అన్నారావిడ.

నేను ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. మంచం మీద కూర్చుని లెక్కపెట్టాను, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. రోజూ నేను దగ్గాను, రోజూ ఆమె ముందు అదే పప్పు. రోజూ ముద్ద ఎత్తి వాసన చూసింది, రోజూ తింది. వాసన చూసిందంటే ఆ రోజు కూడా చూసింది. నేను ఆమె మొహంలో మెప్పుకోలు వెతుకుతూ గుమ్మంలో నిలబడి, చేతిని చూడలేదు. ఆమె ముక్కుకి ఏమీ కాలేదు. పాచిపోయిందని తెలిసే నాలుగు ముద్దలు తింది, తెలిసే బాగుందంది. నా నాలుగేళ్ళ ఆశ ఆ మంచం మీదే చచ్చిపోయింది. సిగ్గుతో ఒళ్ళంతా కాలింది.

మర్నాడు వెళ్ళకుండా ఉండొచ్చు. వెళ్ళకపోతే ఆమెకి ఆ కూడు తప్పుతుంది, ఖాళీ విస్తరి మిగులుతుంది. ఆకలితో కూర్చోబెట్టడమా, పాచికూడు పెట్టడమా? ఈ రెండిటికీ మధ్య తెల్లవార్లూ కొట్టుకున్నాను. పన్నెండింటికి స్కూటరు మిల్లు వెనక ఆపాను.

ఆ రోజు నా చోట్లో కూర్చోలేదు. నా విస్తరి చేత్తో పట్టుకుని వెళ్ళి సఫూరా ఎదురుగా కింద కూర్చున్నాను. ఆమె గాజు మీది దుమ్ములాగా కనిపిస్తోంది. కోటేశ్వరమ్మ గారు చూశారు. మూడుసార్లు తిరిగి కాయలు కుంపట్లో వేశారు.

ఘాటు నా గొంతు పట్టుకుంది. నాలుగేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చుకున్నట్టు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పేగులు నోట్లోకి వచ్చేలా దగ్గాను. కళ్ళు మండి ధారలు కట్టాయి. ఆ నీళ్ళలోంచి సఫూరా, చీర అంచు దారాలతో సహా, ఎన్నడూ లేనంత స్పష్టంగా కనిపించింది. తుడుచుకోకూడదని చేతులు ఒళ్ళో కట్టేసుకున్నాను.

వడ్డన అయింది. ఇద్దరి ముందూ ఒకటే, పొగలు కక్కే అన్నం, గోంగూర, నెయ్యి, ఉల్లిపాయ ముక్క. నా విస్తట్లోంచి గోంగూర పులుపూ నెయ్యీ కలిసి వచ్చిన ఆ వాసనకి నోరు ఊరింది. సఫూరా ముద్ద ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకోబోయింది.

"ఆగు" అన్నాను.

ఆమె విస్తరి నా వైపు లాక్కున్నాను, నా విస్తరి ఆమె ముందుకి తోశాను. కంటికి అది గోంగూర అన్నమే. మొహం దించగానే తెలిసింది. పుల్లగా, జిగటగా, మురుగు కాలవ పక్కన గుడ్డ నానినట్టు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఉన్న వాసన ఇది. ఇందులోనే నేను గుమ్మంలో గర్వంగా నిలబడ్డాను. కలిపాను, ముద్ద చేశాను, నోట్లో పెట్టుకున్నాను.

ఒకటి. నాలుక వద్దంది, మింగాను. రెండు. మూడో ముద్ద గొంతులో ఆగింది, మంచినీళ్ళు తాగలేదు, ఆ రోజు ఆమె తాగలేదు. నాలుగు.

తలెత్తాను. సఫూరా నా వంక చూస్తోంది. నాలుగు నెలల్లో ఆమె నా మొహంలోకి చూడటం అదే మొదలు. చెయ్యి విస్తరి పక్కన ఆగిపోయింది, మెడ కాస్త ముందుకి వంగింది. ఆ చూపు నాకు తెలుసు. ముప్పై మూడేళ్ళు గరిటె పట్టుకుని నా పక్కన నిలబడ్డ చూపు.

"బాగుంది" అన్నాను.

కళ్ళలో నీళ్ళు పలచబడుతున్నాయి, పొగ విడిపోతోంది. రెప్ప వెయ్యకుండా పట్టుకున్నాను. సఫూరా తన ముందున్న నా విస్తట్లో చెయ్యి పెట్టింది. గోంగూర కలిపింది, ముద్ద చేసింది. ముక్కు దగ్గరికి తీసుకెళ్ళలేదు. నేరుగా నోట్లో పెట్టుకుంది. ఇంకో ముద్ద. ఇంకోటి. గబగబా తింటోంది, ఇన్నాళ్ళ ఆకలీ తీర్చుకుంటున్నట్టు. కొంగు జారి చెవి బయటపడింది, దాని తమ్మె మెల్లగా ఎర్రబడింది.

తర్వాత కళ్ళు ఆరి, ఆమె చోట నాకు స్తంభం కనిపించింది. దాని ముందు చాప మీద, నేను ముట్టుకోని విస్తరి, ఒక్క మెతుకు లేకుండా ఖాళీగా ఉంది.